సరిహద్దు దాటని సర్టిఫికెట్: వలస జీవులు, కతోలిక చర్చి, కులం ప్రశ్న

2020 ఏప్రిల్. ములుగు జిల్లా మిర్చి తోటల్లో కాయ కోయడానికి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా నుంచి వచ్చిన ఒక ఆదివాసీ బాలిక, లాక్‌డౌన్‌తో పని ఆగిపోవడంతో తోటి కూలీలతో కలిసి ఇంటికి నడక మొదలుపెట్టింది. అడవి దారిలో మూడు రోజులు నడిచింది. ఊరు దగ్గరపడిందనగా ఏప్రిల్ 18న ప్రాణం విడిచింది. ఆ పాప వయసు పన్నెండేళ్లు.

అదే ఏడాది సెప్టెంబర్ 27న కతోలిక చర్చి 'ప్రపంచ వలసదారుల, శరణార్థుల దినం' జరుపుకుంది. ఆ సందర్భంగా పోప్ ఫ్రాన్సిస్ ఇచ్చిన సందేశం దేశం దాటిపోయిన వారి గురించి కాదు. సొంత దేశంలోనే ఇల్లూ ఊరూ విడవాల్సి వచ్చిన వారి గురించి. ఆదరించాలి, కాపాడాలి, ఎదగనివ్వాలి, తమలో కలుపుకోవాలి అన్నది ఆయన ఎప్పుడూ చెప్పే నాలుగు మాటల సారం.

ఆ సందేశానికీ ఆ పాప నడకకూ మధ్య ఎంత దూరం ఉందన్నదే ఈ వ్యాసం ప్రశ్న. వలసదారుల హక్కుల గురించి నూరేళ్లకు పైగా మాట్లాడుతున్న సంస్థల్లో కతోలిక చర్చి ఒకటి. తెలుగు నేల మీద ఆ చర్చిలో ఆదివారం కూర్చునే వారిలో ఎక్కువ మంది మాల, మాదిగ కుటుంబాల వారు. పొట్ట చేత పట్టుకుని ఊరు విడిచే వారిలోనూ వాళ్లే ముందుంటారు. కాబట్టి చర్చి ఏం చెప్పింది, ఏం చేసింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది మనకు పరాయి విషయం కాదు.

ఇటలీ కూలీలతో మొదలు

19వ శతాబ్దం చివర ఇటలీ నుంచి లక్షలాది పేద రైతులు, కూలీలు అమెరికా, బ్రెజిల్, అర్జెంటీనాలకు ఓడలెక్కారు. దళారులు అప్పులిచ్చి, అబద్ధాలు చెప్పి వారిని ఎక్కించేవారు. పాలమూరు మేస్త్రీలనూ గల్ఫ్ ఏజెంట్లనూ చూసిన మనకు ఈ కథ కొత్తది కాదు. పియాచెంజా బిషప్ జొవాన్నీ బత్తిస్తా స్కలబ్రీని 1887లో వలసదారుల కోసమే ఒక గురువుల సభను స్థాపించారు. ప్రార్థనలతో సరిపెట్టకుండా, ఏజెంట్ల మోసాలను అరికట్టే చట్టం కావాలని ప్రచారం చేశారు. 1901లో ఇటలీలో అలాంటి చట్టం వచ్చింది. 2022 అక్టోబర్ 9న ఆయనను పునీతుడిగా ప్రకటించారు. ఫ్రాన్సెస్ జేవియర్ కబ్రీని అనే సన్యాసిని 1889లో న్యూయార్క్ చేరి, అక్కడి ఇటాలియన్ పేదల కోసం బడులు, అనాథాశ్రమాలు, ఆసుపత్రులు పెట్టారు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. మొదట్లో చర్చికి ఉన్న ప్రధాన ఆందోళన తన కతోలికులు పరాయి దేశంలో విశ్వాసం పోగొట్టుకుంటారేమోనని. ఏ మతం వాడైనా, కాగితాలు ఉన్నా లేకపోయినా వలసదారుకు హక్కులున్నాయన్న మాట నెమ్మదిగా గట్టిపడింది. 1891లో పోప్ 13వ లియో కార్మికుల స్థితి మీద రాసిన లేఖ, సొంత నేల మీద బతుకు దొరికితే ఎవరూ ఊరు విడవరని గుర్తు చేసింది. 1914 నుంచి వలసదారుల దినం జరుపుతున్నారు. 1952లో 12వ పయస్ పోప్ వలసల మీద ప్రత్యేక పత్రం వెలువరించారు. హేరోదు రాజుకు భయపడి ఈజిప్టుకు పారిపోయిన యేసు, మరియ, యోసేపుల కుటుంబమే శరణార్థులందరికీ నమూనా అని అది చెప్పింది. 1963లో 23వ జాన్ పోప్ వలస వెళ్లడాన్ని మానవ హక్కుల జాబితాలో చేర్చారు. 1980 నవంబర్‌లో, వియత్నాం నుంచి పడవల్లో పారిపోతున్న వారి అవస్థ చూసి, జెస్యూట్ సభ అధిపతి పెద్రో అరూపే 'జెస్యూట్ రెఫ్యూజీ సర్వీస్'ను ప్రారంభించారు. నేడు అది 50కి పైగా దేశాల్లో పనిచేస్తోంది.

ఐదు సూత్రాలు

ఈ బోధన అంతటినీ క్లుప్తంగా చెప్పిన పత్రం ఒకటుంది. 2003లో అమెరికా, మెక్సికో బిషప్‌లు కలిసి రాసిన ఆ లేఖలో ఐదు సూత్రాలున్నాయి.

ఒకటి, మనిషికి తన సొంత నేల మీదే గౌరవంగా బతికే అవకాశం ఉండాలి. రెండు, అది దొరకనప్పుడు బతుకు కోసం వలస వెళ్లే హక్కు ఉంటుంది. మూడు, దేశాలకు తమ సరిహద్దులను నియంత్రించుకునే అధికారం ఉంది. నాలుగు, శరణార్థులకు, ఆశ్రయం కోరేవారికి రక్షణ ఇవ్వాలి. ఐదు, కాగితాలు లేని వలసదారుల గౌరవాన్నీ మానవ హక్కులనూ గుర్తించాలి.

అణగారిన కులాల వైపు నుంచి చూస్తే వీటిలో అన్నిటికన్నా పదునైనది మొదటిది. అది ఊరు విడవకుండా బతికే హక్కు. 2013 సందేశంలో 16వ బెనెడిక్ట్ పోప్ దీన్ని వలస హక్కు కన్నా ముందు చెప్పారు. 2023లో ఫ్రాన్సిస్ సందేశానికి అంశమే ఇది: వెళ్లాలో ఉండాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ. భూమి లేని మాదిగ కుటుంబానికి, ఎండాకాలం వస్తే తాళం వేసి ఇటుక బట్టీకి వెళ్లక తప్పని కుటుంబానికి ఆ స్వేచ్ఛ ఎక్కడుంది? భూమి పంపిణీ, ఉపాధి హామీ, సకాలంలో కూలి డబ్బు. ఇవన్నీ వలస విధానంలో భాగాలే. చర్చి బోధనను నిజాయతీగా చదివితే వచ్చే అర్థం ఇది.

మాటల నుంచి పనికి

2013 జూలై 8న పోప్ ఫ్రాన్సిస్ రోమ్ బయట తన మొదటి పర్యటనకు లాంపెడూసా దీవిని ఎంచుకున్నారు. ఆఫ్రికా నుంచి పడవల్లో వస్తూ మునిగిపోయిన వారి కోసం అక్కడ ప్రార్థించారు. ప్రపంచానికి ఉదాసీనత అలవాటైపోయిందని మందలించారు. 2016 ఏప్రిల్‌లో గ్రీసు దీవి లెస్బోస్ నుంచి తిరిగి వస్తూ 12 మంది సిరియా శరణార్థులను తన విమానంలోనే రోమ్ తీసుకొచ్చారు. వాళ్లంతా ముస్లింలు. 2017 డిసెంబర్ 1న ఢాకాలో 16 మంది రోహింగ్యాలను కలిసి వారిని ఆ పేరుతోనే పిలిచారు. అంతకు ముందు మయన్మార్‌లో ఆ పేరు ఎత్తలేదన్న విమర్శ ఆయన మీద వచ్చింది. ఆ విమర్శ న్యాయమైనదే. ఒక జాతి ఉనికినే కాదంటున్న చోట పేరు పలకడమే హక్కుల మాట. దళితులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

వేదికల మీది మాటల వెనుక రోజువారీ పని ఉంది. మెక్సికో సరిహద్దు పట్టణం తిహువానాలో స్కలబ్రీని సభ 1987 నుంచి వలసదారుల బసను నడుపుతోంది. అమెరికాలో 1988లో ఏర్పడిన కతోలిక న్యాయ సహాయ సంస్థల కూటమి పేద వలసదారులకు వకీళ్లను అందిస్తోంది. 2018లో ఐక్యరాజ్యసమితి దేశాలు వలసల మీద ఒప్పందం కుదుర్చుకోక ముందే వాటికన్ 20 సూచనలు ముందుపెట్టింది. ఆశ్రయం, వకీలు, విధాన ఒత్తిడి. పని ఈ మూడు కాళ్ల మీద నడుస్తుంది.

ఈ నమూనాకు ఒక బలహీనత కూడా ఉంది. అమెరికాలో శరణార్థుల పునరావాసాన్ని బిషప్‌ల సమాఖ్య దశాబ్దాలుగా ప్రభుత్వ నిధులతో కలిసి నడిపింది. 2025 జనవరిలో కొత్త ప్రభుత్వం నిధులు ఆపేసింది. ఏప్రిల్‌లో ఆ ఒప్పందాలను ఇక పునరుద్ధరించబోమని బిషప్‌లు ప్రకటించాల్సి వచ్చింది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే సేవ ప్రభుత్వం మారితే ఆగిపోతుంది. ఆగని పని మాట్లాడడం ఒక్కటే. అదే ఏడాది ఫిబ్రవరిలో, అనారోగ్యం ముదురుతున్న దశలో, ఫ్రాన్సిస్ సామూహిక బహిష్కరణలను తప్పుబడుతూ అమెరికా బిషప్‌లకు లేఖ రాశారు. నవంబర్‌లో ఆ బిషప్‌లు విచక్షణ లేని సామూహిక బహిష్కరణను వ్యతిరేకిస్తూ ఉమ్మడి ప్రకటన చేశారు.

ఇండియాలో శరణార్థికి చట్టం లేదు

భారతదేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. శరణార్థులకు ప్రత్యేక చట్టమూ లేదు. ఎవరు అతిథి, ఎవరు చొరబాటుదారు అన్నది ఆనాటి ప్రభుత్వ ఇష్టం. టిబెటన్లకు ఒక తీరు, శ్రీలంక తమిళులకు ఒక తీరు, హైదరాబాద్ బాలాపూర్ గుడిసెల్లో ఉండే రోహింగ్యాలకు మరో తీరు.

తమిళనాడు శిబిరాల్లోని శ్రీలంక తమిళ పిల్లల చదువు మీద జెస్యూట్ రెఫ్యూజీ సర్వీస్ 1990ల నుంచి పనిచేస్తోంది. ఈ శరణార్థులలో గణనీయ సంఖ్య కొండ ప్రాంత తమిళులది. బ్రిటిష్ కాలంలో తేయాకు, కాఫీ తోటలకు కూలీలుగా తరలించిన వారి వారసులు వీళ్లు. తరలిన వారిలో దళితులే ఎక్కువ. తెలుగు మాతృభాషగా ఉన్న అరుంధతియార్లు కూడా వారిలో ఉన్నారు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, అంటే 1948లో, సిలోన్ చట్టం చేసి వీరి పౌరసత్వాన్ని కాదంది. తర్వాత యుద్ధం తరిమింది. 2019లో మన దేశం పౌరసత్వ సవరణ చట్టం తెచ్చినప్పుడు వీరికి అందులో చోటు దొరకలేదు. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు, క్రైస్తవులకు మాత్రమే ఆ చట్టం వర్తిస్తుంది. క్రైస్తవులను చేర్చారు కదా అని ఊరుకుంటే చర్చి తన బోధనకు తానే దూరమవుతుంది. ఆ బోధన ప్రకారం కొలమానం మనిషి ఆపద, మతం కాదు.

ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు

మన దేశంలో కతోలిక వలస ఉద్యమం అంటే ముందు చెప్పాల్సింది శరణార్థి శిబిరాల గురించి కాదు, వంటిళ్ల గురించి. బెల్జియం నుంచి వచ్చిన సన్యాసిని సిస్టర్ జాన్ దెవోస్ 1985లో జాతీయ ఇంటిపనివారల ఉద్యమాన్ని ప్రారంభించారు. ముంబయి, ఢిల్లీ ఇళ్లలో గిన్నెలు తోమే, పిల్లలను ఆడించే ఆడవాళ్లలో పెద్ద భాగం జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ వంటి చోట్ల నుంచి వచ్చిన ఆదివాసీ, దళిత మహిళలు. ఆ ఉద్యమం వారికి బియ్యం సంచులు పంచడంతో ఆగలేదు. 'పనిమనిషి' కాదు, 'కార్మికురాలు' అనమంది. సంఘాలు పెట్టించింది. వారాంతపు సెలవు, కనీస వేతనం, ఏజెంట్ల మీద నియంత్రణ అడిగింది.

2011 జూన్ 16న అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివారల కోసం 189వ ఒప్పందాన్ని ఆమోదించింది. ఇండియా అనుకూలంగా ఓటేసింది కానీ ఇప్పటికీ ధ్రువీకరించలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటిపనివారల కోసం చట్టం అవసరాన్ని పరిశీలించడానికి కమిటీ వేయాలని కేంద్రానికి చెప్పింది. జాలి వేరు, హక్కు వేరు అని చూపించిన పని ఇది. చర్చి సంస్థలు మిగతా వలస కూలీల విషయంలోనూ ఇదే తీరు పాటించి ఉంటే లాక్‌డౌన్‌లో కనిపించింది కేవలం అన్నం పొట్లాలే అయ్యేది కాదు.

కులం వెంట వస్తుంది, రక్షణ వెంట రాదు

అసలు చిక్కు ఇక్కడుంది. రాష్ట్రం దాటిన దళితుడి వెంట కులం వస్తుంది. మేస్త్రీకి తెలుసు, బస్తీలో గది అద్దెకిచ్చే యజమానికి తెలుసు, మురుగు కాలువలోకి ఎవరిని దించాలో కాంట్రాక్టర్‌కు తెలుసు. కులం వల్ల దక్కిన రక్షణ మాత్రం సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది.

1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ముందుకు వచ్చిన కేసు మన నేలదే. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే బొంబాయి వెళ్లిన ఒక ఎస్టీ విద్యార్థి అక్కడ మెడికల్ సీటు కోసం రిజర్వేషన్ అడిగాడు. ఎస్సీ, ఎస్టీ హోదా ఏ రాష్ట్రానికి ఇచ్చారో ఆ రాష్ట్రానికే పరిమితమని, వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ రిజర్వేషన్ రాదని కోర్టు చెప్పింది. 2018లో మరో రాజ్యాంగ ధర్మాసనం అదే సూత్రాన్ని నిలబెట్టింది. సల్వాజుడుం కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చి భద్రాచలం, ములుగు అడవుల్లో బతుకుతున్న గుత్తికోయలకు ఎస్టీ సర్టిఫికెట్‌కూ పోడు పట్టాకూ అడ్డం పడుతున్నది ఇలాంటి గీతే.

2019 ఆగస్టులో 'ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు' ప్రయోగం మొదలైంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మధ్యా, గుజరాత్, మహారాష్ట్ర మధ్యా. అంటే రేషన్ కార్డు సరిహద్దు దాటగలిగింది. కుల సర్టిఫికెట్ దాటలేకపోయింది.

చర్చికి ఈ అన్యాయం బాగా తెలిసి ఉండాలి. ఎందుకంటే దాని సొంత బిడ్డలకు జరిగిందీ ఇదే. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులు కాని వారు ఎస్సీలు కారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే మిగిలారు. మన రెండు రాష్ట్రాల్లో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలకు దక్కేది బీసీ-సి కింద ఒక్క శాతం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ లేదు, రిజర్వుడు సీట్లలో పోటీ లేదు. 2004 నుంచి కేసు సుప్రీంకోర్టులో ఉంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో సంబంధం లేకుండా ఎస్సీ హోదా ఇవ్వమంది. 2022 అక్టోబర్‌లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసి గడువులు పొడిగిస్తూ వచ్చింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానం చేసింది.

మతం మారినా, రాష్ట్రం మారినా జరిగేది ఒక్కటే. కులం మిగులుతుంది, సర్టిఫికెట్ పోతుంది. కోటప్పకొండ కింద పుట్టి ముంబయిలో మట్టి మోసే దళిత క్రైస్తవుడు ఈ రెండు గీతలనూ ఒకేసారి దాటినవాడు. దళిత క్రైస్తవుల హోదా కోసం ఏటా ఆగస్టు 10న నల్లదినం పాటించే చర్చి, ఆ రోజు ఈ రెండో గీత గురించి కూడా మాట్లాడాలి.

తన ఇంటి లోపల

చర్చి లోపల కులం లేదని ఇప్పుడెవరూ అనలేరు. 2016 డిసెంబర్‌లో భారత కతోలిక బిషప్‌ల సమాఖ్య విడుదల చేసిన దళిత సాధికారత విధాన పత్రమే ఆ సంగతి ఒప్పుకుంది. దేశంలోని 1.9 కోట్ల కతోలికుల్లో 1.2 కోట్ల మంది దళితులని, నాయకత్వంలో వారి సంఖ్య చాలా తక్కువని రాసింది. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. కర్నూలు జిల్లాకు చెందిన ఆయన భారత చర్చిలో ఆ స్థాయికి చేరిన మొదటి దళితుడు. గర్వించాల్సిన రోజే. కానీ ఒక్కరు పైకెక్కితే వాడకు దారి పడినట్టు కాదు. పరాయివాణ్ణి ఆదరించమని బోధించే చోట, సొంత విచారణలో స్మశానం గోడలూ బెంచీల వరుసలూ కులం చూసి ఉంటే ఆ బోధనకు బలం ఉండదు.

దీనికి తోడు భయం ఉంది. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని బిగించారు. 2021 డిసెంబర్‌లో మదర్ తెరిసా సభకే లైసెన్సు పునరుద్ధరణ నిరాకరించి, వారం పది రోజుల తర్వాత తిరిగి ఇచ్చారు. ఆదివాసీల భూమి గురించి, జైళ్లలో మగ్గుతున్న యువకుల గురించి మాట్లాడిన జెస్యూట్ ఫాదర్ స్టాన్ స్వామి 2020 అక్టోబర్‌లో అరెస్టయి, బెయిలు రాకుండానే 2021 జూలై 5న కన్నుమూశారు. అన్నం పెడితే ఎవరూ అడ్డుకోరు. అన్నం ఎందుకు లేదని అడిగితేనే కష్టం.

తెలుగు నేల మీద చేయాల్సింది

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి మగవాళ్లు గల్ఫ్‌లో కట్టడాల పనికి, గోదావరి జిల్లాలు, రాయచోటి, రాజంపేట నుంచి ఆడవాళ్లు కువైట్ ఇళ్లలో పనికి వెళ్తున్నారు. కువైట్ నగరంలోని కతోలిక చర్చి నిండేది భారత, ఫిలిప్పీన్స్ వలస కార్మికులతోనే. సౌదీలో చర్చి భవనమే లేదు. అక్కడ ఇబ్బంది వస్తే ఇంటి దగ్గరి విచారణే ముందు కదలాలి. అందుకు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

పదో తరగతి పాస్ కాని వారు గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి. విజిట్ వీసా మీద పంపే ఏజెంటు ఆ రక్షణను తప్పించుకుంటున్నాడని అర్థం. ఆ అనుమతి మీద ఇంటిపనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండాలి. ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. తెలంగాణలో అది టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో 10 లక్షల బీమా ఉంటుంది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సాయం ఇస్తూ తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. ఎంబసీల్లోని సంక్షేమ నిధి నుంచి శవాన్ని ఇంటికి చేర్చే ఖర్చు అడగవచ్చు.

మన దగ్గరికి వచ్చేవారి సంగతీ ఉంది. ఒడిశాలోని బలంగీర్, నువాపడ నుంచి పెద్దపల్లి, సంగారెడ్డి ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల్లో దళితులు, ఆదివాసీలే ఎక్కువ. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఐదుగురు ఉన్న చోట వర్తించేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ ఆ సంఖ్యను పదికి పెంచింది. తొమ్మిది మంది ఉన్న బట్టీ ఇప్పుడు చట్టం కళ్లకు కనపడదు. ఆ బట్టీ ఏదో ఒక విచారణ పరిధిలోనే ఉంటుంది. అక్కడి ఫాదర్, సిస్టర్, ఉపదేశి ఒకసారి వెళ్లి కూలీల పేర్లు, అడ్వాన్సు ఎంత, కూలి ఎంత, పిల్లల బడి ఎక్కడ అని రాసుకుంటే అది సాక్ష్యం అవుతుంది. వెట్టిచాకిరీ కేసులు కోర్టులో నిలబడేది అలాంటి సాక్ష్యాల మీదే.

కోరికల జాబితా పెద్దది కాదు. ప్రతి డయాసిస్‌లో వలస కార్మికులకు న్యాయ సహాయ కేంద్రం. విచారణ స్థాయిలో ఎవరు ఎక్కడికి వెళ్లారన్న రిజిస్టర్. చర్చి బడుల్లో బట్టీ పిల్లలకు సర్టిఫికెట్ అడగకుండా సీటు. ఎస్సీ, ఎస్టీ హోదా వలస వెళ్లిన చోట కూడా చెల్లాలన్న డిమాండ్. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా పోరాటంతో దీన్ని జోడించడం. వీటిలో సగానికి విదేశీ నిధులు అక్కర్లేదు.

ములుగు నుంచి నడిచిన పాప దారిలో పల్లెలున్నాయి, బడులున్నాయి, చర్చిలున్నాయి. ఆమె ఏ రాష్ట్రం మనిషి అన్న ప్రశ్న అధికారులది. వలసదారుల దినం జరుపుకునే ప్రతి చర్చి వేసుకోవాల్సిన ప్రశ్న వేరు: ఈసారి మన దారిన అలాంటి పాప వస్తే ఆగమని చెప్పడానికి బయట ఎవరుంటారు?